కాలిన హోల్డర్లు నేర్పిన విద్య: చిక్కబళ్ళాపురం సీమలో బండి దీపాల చరిత్ర

కోలారు జిల్లా నుంచి 2007లో విడివడి ఏర్పడిన చిక్కబళ్ళాపురం జిల్లా కర్ణాటకలోనే ఉన్నా, దాని తూర్పు, ఉత్తర భాగాలైన చింతామణి, బాగేపల్లి తాలూకాల్లో ఇంటా బజారులోనూ వినిపించేది ఎక్కువగా తెలుగే. అనంతపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి బెంగళూరుకు సాగే రాకపోకలకు ఈ సీమ ఎప్పటి నుంచో వాకిలి. కొడికొండ దాటి బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మీదుగా బెంగళూరు చేరే దారిని ఒకప్పుడు 7వ నెంబరు జాతీయ రహదారి అనేవారు, ఇప్పుడది 44వ నెంబరు. శిడ్లఘట్ట, చింతామణి, శ్రీనివాసపురాల మీదుగా ముళబాగిలుకు పోయే అడ్డదారి దానికి తోడు. టమాటా, పూలు, ద్రాక్ష, పట్టుగూళ్ళు తెల్లవారేసరికి మార్కెట్టులో దిగాలి కాబట్టి ఈ దారుల్లో బండి నడక చాలావరకు రాత్రిపూటే సాగుతుంది. అందువల్ల ఇక్కడి వాహనదారుడికి హెడ్‌లైటు పనిముట్టు, దాన్ని తన చేతులతో మెరుగుపరచుకోవాలనే ఆరాటం అతనికి సహజం. ఆ ఆరాటం తెచ్చిపెట్టిన ప్రమాదాల చరిత్రను వరుసగా చూస్తే ఒక సంగతి తేటపడుతుంది: లోపం మొదట తీగలో బయటపడింది, తరువాత అద్దంలో, చివరకు ఎదురుగా వచ్చేవాడి కంటిలో, అయినా ప్రతి తరమూ దాన్ని బల్బులోనే వెతికింది.

ఇరుసు కింద లాంతరు వేలాడే ఎద్దుబండ్ల కాలంలో దీపం దారి చూపడం కన్నా బండి ఉనికిని తెలపడానికే ఎక్కువగా పనికివచ్చేది. థామస్ విల్సన్ 1892లో కాల్షియం కార్బైడును పెద్దయెత్తున తయారుచేసే మార్గం కనిపెట్టాక, దానిమీద నీటిబొట్లు పడేటట్టు చేసి పుట్టిన ఎసిటిలీన్ వాయువును మండించే దీపాలు తొలి మోటారు కార్లకెక్కాయి. ఆ మంట మిక్కిలి తెల్లనిదే గాని, గాలికి రెపరెపలాడేది, నీరు ఎక్కువైతే వాయువు పొంగి ప్రమాదం తెచ్చేది. శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు 1902లోనే విద్యుత్తు అందినా, కారులో విద్యుద్దీపం స్థిరపడటానికి మరో పదేళ్ళు పట్టింది. 1912లో కాడిలాక్ సంస్థ విద్యుత్ స్టార్టరుతో పాటు విద్యుద్దీపాలను కూడా కారుతోనే అమ్మింది.

ఈ సీమలో ఒక వృత్తిగా ఆటో ఎలక్ట్రికల్ పని రూపుదిద్దుకున్నది అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని, మహీంద్రా జీపు రాజ్యమేలిన దశాబ్దాలలో. ఏడంగుళాల గుండ్రని దీపం, వెలుగును కిందికి దించడానికి, అంటే డిప్పు చేయడానికి, కాలితో నొక్కే డిప్పర్ స్విచ్చి అంబాసిడరు గుర్తులు. క్లచ్చి పక్కన నేలమీదే ఉండే ఆ స్విచ్చిలోకి బురదా, వానలో తడిసిన చెప్పుల నీరూ దిగేవి, లోపలి ఇత్తడి బిళ్ళలు పచ్చబారేవి, ఒక్కోసారి డిప్పు కోసం నొక్కితే రెండు దీపాలూ ఒక్కసారిగా ఆరిపోయేవి. దీపం మసకగా ఉందనిపిస్తే యజమాని మొదట చేసే పని పెద్ద వాట్ల బల్బు తెచ్చి బిగించడం. ఐరోపాలో 1971లో వచ్చిన హెచ్4 రకం హాలోజెన్ బల్బు, అంటే స్ఫటికపు గాజుబుడ్డిలో అయోడిన్ లేదా బ్రోమిన్ వంటి హాలోజెన్ కలిపిన వాయువును నింపి ఒకే బుడ్డిలో దూరపు వెలుగుకూ డిప్పుకూ రెండు తీగచుట్టలు అమర్చిన బల్బు, మన వాహనాల్లోకి 60/55 వాట్ల కొలతతో వచ్చింది. దాని పక్కనే 100/90 వాట్ల బల్బులు, అంతకన్నా పెద్దవి కూడా బజారులో దొరికేవి.

ఇక్కడే మొదటి గుణపాఠం దాగి ఉంది. పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద 60 వాట్ల తీగచుట్ట 5 ఆంపియర్ల కరెంటు లాగితే, 100 వాట్లది 8 ఆంపియర్లకు పైగా లాగుతుంది. రెండు దీపాలకూ కలిపి అది 16 ఆంపియర్లు దాటుతుంది. అదంతా డ్యాష్‌బోర్డు స్విచ్చి, సన్నని పాత తీగ, తుప్పుపట్టిన ఎర్త్ బోల్టు దాటుకుంటూ పోవాలి. బల్బు వెనక మూడు కాళ్ళ హోల్డరు ముందు గోధుమరంగుకు తిరిగి, తరువాత పెళుసుబారి, చివరకు కరిగి కాళ్ళకు అంటుకుపోయేది. దాన్ని ఊడదీసినప్పుడు వచ్చే కాలిన ప్లాస్టిక్కు వాసన ఈ వృత్తిలో ఉన్నవారికి చిరపరిచితం. దీపపు కాంతి వోల్టేజీతో సమంగా కాక, అంతకన్నా చాలా వేగంగా పడిపోతుంది: దారిలో వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం తగ్గుతుంది. కాబట్టి మసక దీపానికి కారణం చాలాసార్లు బల్బు కాదు, దాని వెనకనున్న తీగ. పెద్ద బల్బు ఆ తీగను మరింత వేడెక్కించి, ఉన్న వోల్టేజీని కూడా తినేసేది.

ఆ అదనపు కరెంటుకు ఫ్యూజు పోతే, అది చెప్పిన హెచ్చరికను విని ఆగడానికి మారుగా సిగరెట్టు పెట్టెలోని రేకు చుట్టి బిగించిన సందర్భాలు దేశమంతటా ఉన్నాయి, ఈ సీమ దానికి మినహాయింపు కాదు. తీగ కన్నా ముందు తాను కాలి తీగను కాపాడడమే ఫ్యూజు పని గనుక, రేకు చుట్టిన బండిలో కాలవలసి వస్తే తీగలే కాలాలి. ఈ నష్టాల నుంచి పుట్టిన పరిష్కారం రిలే. చిన్న కరెంటుతో పనిచేసే విద్యుదయస్కాంతం పెద్ద కరెంటు దారిని తెరిచి మూసే పెట్టె అది. స్విచ్చి ఆ చిన్న కరెంటును మాత్రమే మోస్తుంది, దీపానికి కావలసినది బ్యాటరీ నుంచి లావుపాటి తీగ ద్వారా, మొదట్లోనే కట్టిన ఫ్యూజు దాటి నేరుగా అందుతుంది. రిలే కట్టాక చాలా బండ్లలో 60 వాట్ల అసలు బల్బే చాలినంత వెలుగిచ్చింది. ఈ వృత్తి సాధించిన విజయాల్లో ఇంత చౌకది, ఇంత మేలైనది మరొకటి లేదనవచ్చు. హాలోజెన్ బుడ్డిని వట్టి చేత్తో పట్టుకుంటే వేలి జిడ్డు అంటినచోట గాజు వేడికి దెబ్బతిని బల్బు త్వరగా పోతుందన్నదీ ఆ కాలంలోనే బల్బులు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి.

తరువాతి తరం ప్రమాదం తీగను వదిలి అద్దానికి చేరింది. హాలోజెన్ బల్బులో వెలిగే చుట్ట కొన్ని మిల్లీమీటర్ల పొడవు మాత్రమే ఉండి, మెకానిక్కులు డూమ్ అని పిలిచే పుటాకార దర్పణపు నాభికి సరిగ్గా అమరుతుంది. హెచ్4లో డిప్పు చుట్ట కింద ఒక చిన్న లోహపు దొప్ప ఉండి, పైకి పోవలసిన వెలుగును అడ్డుకుని ఎదుటివారి కళ్ళను కాపాడుతుంది. బీఎండబ్ల్యూ 1991లో తెచ్చిన జెనాన్ దీపాలనూ, 2007 నుంచి కార్ల హెడ్‌లైట్లలోకి ప్రవేశించిన ఎల్‌ఈడీలనూ ఆయా సంస్థలు వాటికి తగిన కటకాలతో, దర్పణాలతో రూపొందించాయి. బజారులో దొరికే ఎల్‌ఈడీ బల్బు అలా కాక, హాలోజెన్ కోసం చేసిన డూములోకి దూరుతుంది. వెలుగు పుట్టే చోటు ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగినా డిప్పు గీత, అంటే డిప్పు వెలుగు పై అంచు, చెదిరిపోయి, వెలుగు దారికి బదులు చెట్ల కొమ్మల మీదా, ఎదుటి డ్రైవరు ముఖం మీదా పడుతుంది. నడిపేవాడికి మాత్రం బండి ముందు నేల తెల్లగా మెరిసి బాగా కనబడుతున్నట్టే తోస్తుంది. దగ్గరి నేల మెరిసేకొద్దీ కన్ను ఆ మెరుపుకు అలవాటుపడి దూరపు చీకటిని చూడలేకపోతుందన్నది అతని ఎరుకలోకి రాదు.

ఇంకో నష్టం నెమ్మదిగా బయటపడుతుంది. ఎల్‌ఈడీ ముందువైపు చల్లగా ఉన్నా వెనకవైపు వేడెక్కుతుంది గనుక దాని వెనక లోహపు రెక్కలో, చిన్న ఫ్యానో ఉంటుంది. అది పట్టడానికి డూము వెనకనున్న రబ్బరు మూతను కోసేస్తారు. మొదటి వానాకాలంలో అద్దం లోపల ఆవిరి పడుతుంది, రెండో ఏటికి డూము వెండిపూత మచ్చలు తేరుతుంది, అప్పుడు మళ్ళీ అసలు బల్బు పెట్టినా పాత వెలుగు రాదు.

నంది కొండల చుట్టూ చలికాలపు తెల్లవారుజామున దిగే మంచు ఈ చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోవలసినది. మంచులో పసుపు వెలుగు చొచ్చుకుపోతుందన్న నమ్మకం బలమైనది. ఫ్రాన్సు 1930ల నుంచి 1993 దాకా పసుపు హెడ్‌లైట్లనే చట్టంగా పెట్టుకుంది. కాని మంచుబిందువులు కాంతి తరంగాల కన్నా చాలా పెద్దవి కాబట్టి అవి అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. అక్కడ అసలు మేలు చేసేది దీపాన్ని కిందుగా బిగించి, పైకి వెలుగు పోకుండా కత్తిరించడం. 2023 అక్టోబరు 26 ఉదయం చిక్కబళ్ళాపురం దగ్గర, బాగేపల్లి వైపు నుంచి బెంగళూరుకు వెళుతున్న టాటా సుమో మంచులో రోడ్డు పక్కన ఆగివున్న ట్యాంకరును ఢీకొని 13 మంది చనిపోయారు, వారిలో ఎక్కువ మంది ఆంధ్ర వైపువారు. ఆ ఘోరం గుర్తుకు వచ్చినప్పుడు ముందు దీపాల మీద పెట్టే ఖర్చులో ఒక వంతైనా వెనక దీపాల మీద, రాత్రిపూట మెరిసే ప్రతిఫలన టేపు మీద పెట్టవలసిన అవసరం స్పష్టమవుతుంది. బండి ఉనికిని తెలపడమనే ఆ పనినే ఒకప్పుడు ఎద్దుబండి లాంతరు చేసింది.

చట్టం ఈ విషయంలో చాలా ముందుగానే మాట్లాడింది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 106వ నియమం, దీపానికి 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు కలగకుండా వెలుగు కిందికి వంగి ఉండాలని కోరుతుంది. 1988 చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన రూపాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో యజమాని చేసిన ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. 2024 జులైలో కర్ణాటక పోలీసులు కళ్ళు చెదరగొట్టే ఎల్‌ఈడీ దీపాల మీద రాష్ట్రమంతటా ప్రత్యేక తనిఖీలు మొదలుపెట్టారు. మిరుమిట్లను రోడ్డు మీద పట్టుకోవచ్చు గాని, హోల్డరు వెనక కరుగుతున్న తీగ తనిఖీకి అందదు. అది ఇప్పటికీ మెకానిక్కు చేతిలోని టెస్టు ల్యాంపుకే కనబడుతుంది.

బల్బు మార్చకపోయినా, తీగ కాలకపోయినా జరిగే పొరపాటు మరొకటుంది. టమాటా పెట్టెలతో నిండిన పికప్పు వెనకభాగం కుంగితే ముక్కు పైకి లేస్తుంది. ఆ లేవడం ఒక్క డిగ్రీ అయినా 50 మీటర్ల దూరంలో వెలుగు 87 సెంటీమీటర్లు పైకి పోయి, సరైన బల్బు, సరైన డూము ఉన్న బండి కూడా ఎదుటివారిని గుడ్డివారిని చేస్తుంది. ఖాళీ బండిని గోడకు ఎదురుగా నిలిపి, 10 మీటర్ల దూరంలో డిప్పు గీత దీపం ఎత్తుకన్నా 10 సెంటీమీటర్లు కిందికి పడేటట్టు ఫోకస్ మరలు తిప్పడం సాధారణ పద్ధతి. డ్యాష్‌బోర్డు మీద ఫోకసును దించే అంకెల చక్రం ఉన్న బండిలో సరుకెక్కిన రాత్రి దాన్ని తిప్పితే సరిపోతుంది. అది లేని బండిని, చింతామణి మార్కెట్టుకు రోజూ ఎంత బరువుతో వెళుతుందో అంత బరువు ఎక్కించాకే గోడముందు నిలపాలి.