సర్కారును దారికి తెచ్చిన సరిహద్దు ఊళ్ళు

1947 ఆగస్టు 14 రాత్రి రాజ్యాంగ సభలో నెహ్రూ చేసిన ప్రసంగం బడిపిల్లలకు కూడా తెలుసు. అదే రాత్రి అదే సభలో సర్వేపల్లి రాధాకృష్ణన్ మాట్లాడిన మాటలు అంతగా ప్రచారంలోకి రాలేదు. పండగ వేళ ఆయన పండగ మాటలతో సరిపెట్టలేదు. పెద్ద పదవుల్లోని అవినీతిని, బంధుప్రీతిని, అధికార దాహాన్ని, అక్రమ లాభాలను, చీకటి బజారును వేళ్ళతో సహా పెరికివేయకపోతే పాలన చక్కబడదని, జనానికి కావలసిన సరుకులు కూడా సరిగా అందవని హెచ్చరించారు. ఇరవై ఏళ్ళ తర్వాత, రాష్ట్రపతి పదవి నుంచి దిగే ముందు, 1967 గణతంత్ర దినోత్సవం ముందురోజు దేశ ప్రజలనుద్దేశించి మాట్లాడినప్పుడు కూడా పాలనలోని అసమర్థతను, వనరుల దుర్వినియోగాన్ని తప్పుపట్టారు. తన పేరు మీద నడుస్తున్న ప్రభుత్వాన్నే తప్పుపట్టిన రాష్ట్రపతులు మనకు ఎక్కువమంది లేరు.

ఆయన 1888 సెప్టెంబర్ 5న తిరుత్తణిలో, తెలుగు కుటుంబంలో పుట్టారు. అప్పటికి ఆ ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో, కార్వేటినగరం జమీందారీలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడితే అందులో చేరింది. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి వచ్చింది. 1960లో మద్రాసు రాష్ట్రంలోకి, చెంగల్పట్టు జిల్లాలోకి వెళ్ళింది. 1997 జనవరి 1న తిరువళ్ళూరు జిల్లా ఏర్పడినప్పటి నుంచి అందులో ఉంది. ఈ మార్పుల్లో కొన్ని పైనుంచి వచ్చిన ఉత్తర్వులు. కొన్ని జనం కొట్లాడి తెచ్చుకున్నవి. పాలన చెడితే పౌరులు దాన్ని ఎలా సరిచేసుకోగలరన్న ప్రశ్నకు ఢిల్లీలో జవాబు వెతకడం మనకు అలవాటైంది. తిరువళ్ళూరు, తిరుత్తణి, వాటిని ఆనుకుని ఉన్న మద్రాసు పట్నం దీనికి చాలా ముందు నుంచే జవాబులు చెబుతున్నాయి. ఆ జవాబుల్లో తెలుగువాళ్ళ పాలు పెద్దది.

తిరువళ్ళూరు ప్రాంతం 1763లోనే కుంపిణీకి జాగీరుగా దక్కింది. దక్షిణాదిలో కుంపిణీ పాలన రుచి ముందుగా చూసిన పల్లెల్లో ఇవీ ఉన్నాయి. శిస్తు మోయలేని రైతు చేతిలో అప్పట్లో ఉన్న ఆయుధం ఒక్కటే. ఎడ్లు తోలుకుని, పెళ్ళాం బిడ్డలతో ఊరు విడిచిపోవడం. సాగు ఆగితే శిస్తు ఆగుతుంది, శిస్తు ఆగితే కలెక్టరు దిగివస్తాడు. ఒక్కోసారి ఈ పద్ధతి పనిచేసింది. కానీ దాని ఖర్చంతా రైతే భరించాలి. పొలం ఎండేది అతనిదే, ఆకలి కూడా అతనిదే. పైగా తిరిగొచ్చాక మళ్ళీ అదే తాసీల్దారు, అదే కచ్చేరి.

ఈ పరిస్థితిని మార్చే ప్రయత్నానికి పూనుకున్నవాడు మద్రాసు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి. 1806లో పుట్టాడు. బట్టలు, నీలిమందు వ్యాపారంలో బాగా సంపాదించాడు. ఆ సొమ్ముతో 1844లో ‘క్రెసెంట్’ పత్రిక పెట్టాడు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించాడు. మరుసటి ఏడాది కుంపిణీ చార్టరు పునరుద్ధరణకు రావలసి ఉంది. అంటే లండన్ పార్లమెంటు కుంపిణీని నిలదీసి లెక్క అడిగే అదను అదొక్కటే. ఆ అదను చూసుకునే సంఘం పెట్టాడు, పార్లమెంటుకు విన్నపంగా మహజరు రాయించాడు. శిస్తు భారం, కోర్టుల ఆలస్యం, బళ్ళు లేకపోవడం అన్నీ అందులో ఉన్నాయి. వాటిలో ఇంగ్లండును కలవరపెట్టింది శిస్తు వసూలుకు పెట్టే చిత్రహింసల సంగతి.

ఆ హింసలు ఎలా ఉండేవో చెప్పుకోవాలి. ‘కిట్టి’ అంటే చివర కలిపి కట్టిన రెండు కర్రలు. వాటి మధ్య వేళ్ళు పెట్టి నొక్కేవారు. మనిషిని ముందుకు వంచి, మెడ మీదుగా తాడు వేసి, దాన్ని కాలి బొటనవేళ్ళ కిందుగా లాగి కట్టేవారు. అలా వంగినవాడిని మిట్టమధ్యాహ్నం ఎండలో గంటల తరబడి నిలబెట్టేవారు. చేసేది కింది స్థాయి నౌకరు. వసూలు ఎంత తేవాలో చెప్పేది పైవాడు. ఎలా తెచ్చావని పైవాడు ఏనాడూ అడగలేదు.

డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు 1853లో స్వయంగా వచ్చాడు. లక్ష్మీనరసు ఆయన్ని జిల్లాల్లో తిప్పి బాధితులను చూపించాడు. 1854లో మద్రాసు ప్రభుత్వం ముగ్గురు సభ్యుల చిత్రహింసల కమిషన్ వేయక తప్పలేదు. వందలాది మంది నోటితో, అర్జీలతో మొర పెట్టుకున్నారు. 1855 నివేదిక హింస జరిగిందని ఒప్పుకుంది. అయితే దాన్ని నాటు ఉద్యోగుల నెత్తిన రుద్ది, దొరలను చాలావరకు తప్పించింది. నా దృష్టిలో ఆ నివేదికలోని పెద్ద అన్యాయం అదే. అయినా ప్రభుత్వం తన తప్పును తన సొంత కాగితం మీద రాసుకునేలా ఒక వర్తకుడు చేయగలిగాడు. 1863లో ఆయన్ని శాసనమండలికి తీసుకున్నారు. 1868లో పోయేనాటికి ఆస్తి అంతా కరిగిపోయింది. మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకు దక్కిన చోటు ఆయన చేసిన పనికి ఏ మూలకూ చాలదు.

ఆ తర్వాతి కథ తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పుకుందాం. 1878లో ‘హిందూ’ పత్రిక, 1884లో మద్రాసు మహాజన సభ వచ్చాయి. ఆ సభకు ఆధారంగా నిలిచిన పనప్పాకం ఆనందాచార్యులు చిత్తూరు ప్రాంతంవాడు. 1885లో బొంబాయిలో మొదటి కాంగ్రెస్‌కు వెళ్ళిన డెబ్బై ఇద్దరిలో ఒకడు, 1891 నాగపూర్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడు. మహజరు రాసేవాళ్ళు ఏడాదికోసారి కలుసుకునే స్థాయికి వచ్చారు. గాంధీ వచ్చాక మహజరు పక్కన శాసనోల్లంఘనం చేరింది.

స్వతంత్రం వచ్చాక ప్రశ్న మారింది. ఎన్నుకున్న ప్రభుత్వమే మాట తప్పితే ఏం చేయాలి? భాషాప్రాంతాల సంగతిలో కాంగ్రెస్ సరిగ్గా అదే చేసింది. 1920 నుంచి భాషల వారీగా ప్రాంతీయ సంఘాలు నడిపిన పార్టీ, గద్దెనెక్కాక వెనుకాడింది. ఆంధ్ర రాష్ట్రం కోసం స్వామి సీతారాం 1951లో నిరాహారదీక్ష చేశారు. వినోబా మాట మీద విరమించారు. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబర్ 19న మద్రాసులో, బులుసు సాంబమూర్తి ఇంట్లో దీక్ష మొదలుపెట్టారు. డిసెంబర్ 15న ప్రాణం విడిచారు. నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించారు. మద్రాసు నగరం మాత్రం ఇవ్వలేదు.

ఒక మనిషి చచ్చిపోతే గాని, ఊళ్ళలో తగలబెట్టుకుంటే గాని వినని ప్రభుత్వం ఒక చెడు పాఠం నేర్పింది. శ్రీరాములు త్యాగానికి చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ యాభై ఎనిమిది రోజులు చూస్తూ కూర్చున్న పాలకుల జాప్యాన్ని మనం క్షమించకూడదు. దేశమంతటా ఆ తర్వాత జరిగిన దీక్షలకు, దహనాలకు అక్కడ పాదు పడింది.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర ఏర్పడినప్పుడు చిత్తూరు జిల్లా దాదాపుగా ఉన్నదున్నట్టు అందులోకి వచ్చింది, తిరుత్తణితో సహా. మనవైపు ‘మద్రాసు మనదే’ అన్న నినాదం ఇంకా చల్లారలేదు. అవతలి వైపు తమిళ నాయకుడు మా.పొ. శివజ్ఞానం తమిళుల ఉత్తర సరిహద్దు తిరుపతి కొండ అంటున్నారు. తిరుత్తణి చుట్టుపక్కల ఊళ్ళలో తమిళ ఉపాధ్యాయుడు మంగళంకిళార్ అప్పటికే జనాన్ని కూడగట్టారు. సభలు, ఊరేగింపులు, సత్యాగ్రహాలు జరిగాయి, అరెస్టులయ్యాయి. మన పాత రాతల్లో దీన్ని తమిళుల దురాశగా చిత్రించడం కనిపిస్తుంది. అది న్యాయం కాదు. తన ఊరు తనకు అర్థమయ్యే భాషలో పాలింపబడాలని తెలుగువాడు అడగ్గా లేనిది, తిరుత్తణి తమిళుడు అడిగితే తప్పెలా అవుతుంది?

చివరికి రెండు ప్రభుత్వాలూ హరి వినాయక్ పటాస్కర్ మధ్యవర్తిత్వానికి ఒప్పుకున్నాయి. ఈ వివాదంలో ఆయన తీసుకున్న అతి ముఖ్యమైన నిర్ణయం కొలమానం గురించి. జిల్లాను, తాలూకాను పక్కనపెట్టి గ్రామాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. ఒక గ్రామంలో సగానికి మించి జనం మాట్లాడే భాష ఏది, ఆ గ్రామం ఆ రాష్ట్రానికి ఆనుకుని ఉందా అన్నవి ఆయన చూసిన రెండు ప్రశ్నలు. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, గుళ్ళో రెండూ మాట్లాడే కుటుంబాలు ఈ ఊళ్ళలో కొల్లలు. జనాభా లెక్కల పట్టికలో మాత్రం వాళ్ళు ఒకే గడిలో పడాలి. ఎనిమిది వందల గడప ఉన్న ఊరికీ, ఎనభై గడప ఉన్న ఊరికీ అదే లెక్క.

పటాస్కర్ నివేదిక ఆధారంగా 1959లో పార్లమెంటు సరిహద్దుల మార్పు చట్టం చేసింది. అప్పుడు లోక్‌సభ స్పీకరు తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. రాజ్యసభ అధ్యక్షుడు తిరుత్తణి రాధాకృష్ణన్. 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి తాలూకా, పళ్ళిపట్టు ప్రాంతం మద్రాసు రాష్ట్రానికి వెళ్ళాయి. చెంగల్పట్టు జిల్లా నుంచి సత్యవేడు వైపు ఊళ్ళు, సేలం జిల్లా నుంచి కొన్ని ఊళ్ళు మనకు వచ్చాయి. తిరుపతి ఆంధ్రలోనే ఉండిపోయింది. రెండు వైపులా కొందరికి కడుపు మండింది. అయినా సరిహద్దు నిలబడింది. ఢిల్లీ గీసిన గీతను ఊళ్ళు చెరిపించి, ఊరి లెక్కన మళ్ళీ గీయించుకోవడం చిన్న విషయం కాదు.

గీత ఎంత జాగ్రత్తగా గీసినా దానికి అటు కొందరు, ఇటు కొందరు మిగిలిపోతారు. పళ్ళిపట్టు, పొదటూరుపేట వైపు తెలుగు ఇళ్ళు, నగరి, సత్యవేడు వైపు తమిళ ఇళ్ళు అలా మిగిలినవే. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించే ఏర్పాట్లు చేయమంటుంది. తమిళనాడు 2006లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చాక తెలుగు బడుల తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కోర్టుకెక్కారు. పరీక్షల్లో మినహాయింపులు వచ్చాయి గానీ శాశ్వత పరిష్కారం రాలేదు. తెలుగు టీచరు ఖాళీ భర్తీ కాకపోతే బడి దానంతట అదే తమిళ బడి అయిపోతుంది.

గ్రామాన్ని ప్రమాణంగా తీసుకోవాలన్న ఆలోచనకు చట్టబలం 73వ రాజ్యాంగ సవరణతో 1993లో వచ్చింది. తిరువళ్ళూరు జిల్లాలోనే, పూందమల్లి దగ్గర కుత్తంబాక్కం అనే పంచాయతీ ఉంది. దొంగసారాకు, కులాల గొడవలకు పేరుపడ్డ ఊరు. ఆ ఊరి దళిత యువకుడు, కెమికల్ ఇంజనీరు రంగస్వామి ఇళంగో ప్రభుత్వ పరిశోధనా సంస్థలో ఉద్యోగం వదులుకుని వచ్చి 1996లో సర్పంచిగా గెలిచారు. మురుగు కాలువలకు దగ్గరి గ్రానైటు పాలిషింగు యూనిట్లలో పారేసే రాతి ముక్కలు వాడించారు. ఖర్చు తగ్గింది. అయితే మంజూరైన అంచనాలో ఉన్నది ఆ రాయి కాదు. ఆయన మీద సస్పెన్షన్ వేటు పడింది.

తమిళనాడు పంచాయతీ చట్టం 205వ సెక్షన్ ప్రకారం సర్పంచిని తొలగించే అధికారం కలెక్టరుకు ఉంది. ఇళంగో గ్రామసభకు వెళ్ళారు. లెక్కలన్నీ ఊరి ముందు పెట్టారు. ఊరు ఆయన వైపు నిలబడింది, సస్పెన్షన్ రద్దయింది. 2001లో మళ్ళీ గెలిచారు. ప్రభుత్వ సమత్వపురం పథకం కింద ఆ ఊళ్ళో జంట ఇళ్ళు కట్టించారు. ఒకే గోడకు అటు దళిత కుటుంబం, ఇటు మరో కులం కుటుంబం. ఇటుకలు ఆ ఊరి మట్టితోనే, ఊరివాళ్ళ చేతులతోనే తయారయ్యాయి. ఊరంటే ఒక వాడ, పేటంటే మరో వాడ అన్న పాత పటాన్ని మార్చిన ఆ ఇళ్ళు, సరిహద్దు మార్పు చట్టం కంటే పెద్ద పని చేశాయని నేను నమ్ముతాను.

ఇదే జిల్లాలో, గుమ్మిడిపూండి దగ్గర ఆత్తుపాక్కంలో 2020 ఆగస్టు 15న దళిత మహిళా సర్పంచిని జెండా ఎగరేయనివ్వలేదు. వార్త బయటికి వచ్చాక కలెక్టరు స్వయంగా వచ్చి ఆగస్టు 20న ఆమె చేత జెండా ఎగరేయించారు. పక్క కాంచీపురం జిల్లా ఏకనాపురంలో పరందూరు విమానాశ్రయం వద్దని 2022 నుంచి గ్రామసభ తీర్మానం మీద తీర్మానం చేస్తోంది. ఆ తీర్మానాలు ప్రాజెక్టును ఆపలేదు.

ఊళ్ళో లెక్క అడగడం దేశాన్ని కదిలించగలదని రాజస్థాన్ నిరూపించింది. 1994 నుంచి అక్కడి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కూలీల మస్టరు రోళ్ళను జనం ముందు బహిరంగంగా చదివించింది. పని చేయనివాళ్ళ పేర్లు, చనిపోయినవాళ్ళ పేర్లు బయటపడ్డాయి. అక్కడ మొదలైన పోరాటమే 2005 సమాచార హక్కు చట్టం దాకా వచ్చింది. ఇప్పుడు పౌరుడు పది రూపాయలు కట్టి అడిగితే కేంద్ర మంత్రిత్వ శాఖ అయినా ముప్పై రోజుల్లో బదులివ్వాలి. ఊరంతా కూర్చుని చేసిన తీర్మానానికి మాత్రం అలాంటి గడువు లేదు. అది కలెక్టరు కచ్చేరిలో ఏ ఫైలు కింద పడినా అడిగే దిక్కు లేదు. గ్రామసభ తీర్మానం ఢిల్లీ శాఖకు సంబంధించినదైనా, చెన్నై, అమరావతి శాఖలకు సంబంధించినదైనా, ఒప్పుకుంటున్నామనో, ఫలానా కారణంగా ఒప్పుకోవడం లేదనో ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలని, ఆ జవాబును తర్వాతి గ్రామసభలో చదివి వినిపించాలని చట్టం రావాలి. దాన్ని అడగాల్సింది మన ఎంపీలను, మన ఎమ్మెల్యేలను. సరిహద్దుకు ఇటువైపు సత్యవేడులో, అటువైపు తిరుత్తణిలో ఒకే మాటగా అడగాలి.