తప్పులెన్నే లింట్

బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ రాసిన రెండు సాధనాలకు ఒకదానితో ఒకటి పడదు. యాక్ సీ ప్రోగ్రాములను పుట్టించేది. లింట్ సీ ప్రోగ్రాముల్లో తప్పులు ఏరేది. యాక్ పుట్టించిన వాటిలో ఎన్నటికీ అమలుకు రాని బ్రేక్ వాక్యాలు వందలకొద్దీ ఉండేవి. లింట్ ఊరుకుంటుందా? ఒక బిడ్డ మీద ఇంకో బిడ్డ చాడీలు! చివరికి తండ్రి ఆ ఫిర్యాదును నొక్కేసి, మైనస్ బీ అని ప్రత్యేకంగా అడిగితేనే వినిపించేలా చేశాడు. వాడేవాడు ఎలాగూ బాగుచేయలేని తప్పును ఎత్తిచూపి లాభమేమిటన్నది ఆయన వాదన. 1978 నాటి లింట్ పత్రంలో ఈ ముచ్చట చదివాకే నాకు దాని మీద మోజు పుట్టింది.

యూనిక్స్‌ను పీడీపీ-11 కంప్యూటరు నుంచి ఇంటర్‌డేటా 8/32కు తరలిస్తున్న రోజులవి. పీడీపీలో ఒక అక్షరం విలువ -128 నుంచి 127 దాకా ఉండేది. మిగతా యంత్రాల్లో చాలావాటిలో అక్షరానికి రుణవిలువలే ఉండేవి కావు. ఫైలు అయిపోయిందని చెప్పే -1ని అక్షరంలో దాచి, సున్నా కంటే తక్కువా అని అడిగే ప్రోగ్రాము ఒకచోట నడుస్తుంది, ఇంకోచోట అదే పనిగా తిరుగుతుంది. కంపైలరుకు తన పని త్వరగా ముగించాలన్న తొందర. ఈ చాదస్తమంతా లింట్‌కు అప్పగించారు. బట్టలకు అంటుకునే నూగు పేరే దానికి పెట్టారు.

లింట్‌కు ఎదురు చెప్పే వీలూ ఉంది. కంపైలరు పట్టించుకోని వ్యాఖ్యలో ‘నాట్‌రీచ్‌డ్’ అని రాస్తే చాలు, ‘ఇక్కడికి రాదులే’ అన్న ఆ మాట నమ్మి లింట్ నోరు మూసుకునేది. యంత్రానికి ఇంత మర్యాద ఎవరు నేర్పారో!

1979లో యూనిక్స్ ఏడో కూర్పుతో లింట్ లోకంలో పడింది. తర్వాతి ఇరవయ్యేళ్లు దాటేద్దాం. 2002లో డగ్లస్ క్రాక్‌ఫర్డ్ జావాస్క్రిప్ట్ కోసం జేఎస్‌లింట్ రాశాడు. మంచికే వాడాలి, చెడుకు వాడరాదని దాని లైసెన్సులో షరతు ఉండేది. ఆయన అభిరుచే అందులో చట్టం. అది గిట్టనివాళ్లు 2011లో జేఎస్‌హింట్ పేరుతో వేరుపడ్డారు. 2013లో నికొలస్ జకాస్ ఈఎస్‌లింట్‌తో ప్రతి నియమాన్నీ విడదీశాక, ఎవరైనా కొత్త తనిఖీ రాసి పంపే రోజులొచ్చాయి.

జాన్సన్ లింట్ రాసేనాటికి మద్రాసులో మన తెనాలి కొడవటిగంటి కుటుంబరావు చందమామ కథలు దిద్దుతున్నారు. 1952 నుంచి 1980లో పోయేదాకా ఆ పనిలోనే ఉన్నారు. అలాంటి సంపాదకుడికి దేన్ని దిద్దాలో, దేన్ని వదలాలో రెండూ తెలుసు. పత్రికల్లో ఆ కుర్చీలు ఖాళీ అవుతుంటే నాకు దిగులే. లింట్ లాంటి సాధనానికి ఆ వివేకం ఉండదు గనక, వదలాల్సినవి కూడా రాసి ఇవ్వాలి.

అందుకే ఈఎస్‌లింట్ నియమాన్ని పరీక్షించేటప్పుడు రెండు జాబితాలు ఇస్తారు: తప్పుపట్టాల్సిన కోడ్, పట్టకూడని కోడ్. సూత్రం ఎక్కడ వర్తించదో ప్రత్యుదాహరణతో చూపే పద్ధతి పాణిని సూత్రాల వ్యాఖ్యానమైన కాశికావృత్తిలో ఏనాడో ఉంది. మన వ్యాకరణ పండితులు చూస్తే ఆశ్చర్యపోరు.

బాపట్లలో ఇంజనీరింగ్ చదివే తెనాలి, రేపల్లె పిల్లలకు ఒక మాట. ఈఎస్‌లింట్‌కో, పైథాన్ కోడ్‌ను చూసే పైలింట్‌కో తనిఖీ రాసి పంపేటప్పుడు, తిట్టకూడని కోడ్‌కే ముందు పరీక్షలు రాయండి. తిట్టాల్సినవి ఎలాగూ గుర్తొస్తాయి.