ఉలి పట్టిన చేతికి పేరు

శ్రావణ అమావాస్యనాడు బస్తరు మండలములోని జగదల్పురమున దంతేశ్వరీ ఆలయము నెదుట ఒక సాలపు దుంగకు పూజ జరుగును. దీనిని పాట్ జాత్రా అందురు. 75 దినముల బస్తరు దసరాకు ఇదియే నాంది. అటుపిమ్మట ఝార్ ఉమర్‌గాఁవ్, బేడా ఉమర్‌గాఁవ్ అను గ్రామముల పనివారు వచ్చి బాడిసెలతోను ఉలులతోను దేవి ఛత్రము నెక్కించు రథమును నిర్మింతురు. ఈ ఉత్సవమును సాగించిన రాజవంశము తెలుగువారికి పరాయిది కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఈ అరణ్యభూమికి వచ్చి రాజ్యము స్థాపించెనని ఆ వంశపు సంప్రదాయము. అతని సంతతివాడగు పురుషోత్తమదేవుడు పూరీ యాత్రలో రథపతి బిరుదము పొందివచ్చెననియు, నాటినుండియే రథోత్సవము నడచుచున్నదనియు చెప్పుదురు.

రథపతి బిరుదము రాజునకు దక్కినది. రథమును చెక్కిన వాని పేరేమి? అమరకోశము అతనికి తక్షుడు, వర్ధకి, త్వష్ట, రథకారుడు మొదలగు పర్యాయపదముల నిచ్చినది. మన 'వడ్రంగి' శబ్దమును భాషావేత్తలు 'వర్ధకి'తో ముడిపెట్టుదురు. 'తక్ష' ధాతువునకు చెక్కుట యని అర్థము. ఆ మూలమునుండియే గ్రీకు భాషలో 'టెక్టోన్' అను పదము పుట్టినది. క్రైస్తవుల సువార్తలలో యేసుక్రీస్తు వృత్తిని తెలుపు మాట యిదియే.

మార్కు సువార్త ఆరవ అధ్యాయమున నజరేతు జనులు యేసు బోధ విని, ఇతడు టెక్టోన్ కాడా యని ఆక్షేపింతురు. మత్తయి సువార్తలో ఆయన టెక్టోన్ కుమారుడు. లూకా సువార్తలో ఆ వృత్తి ప్రసక్తియే లేదు. యోసేపు కుమారుడు కాడా యని మాత్రమే కలదు. రెండవ శతాబ్దమున సెల్సస్ అను విమర్శకుడు ఈ వృత్తిని ఎత్తిచూపి పరిహసించెను. మూడవ శతాబ్దమున అతనికి బదులు వ్రాసిన ఓరిజెన్, సంఘములు అంగీకరించిన సువార్తలలో యేసునే టెక్టోన్ అని చెప్పిన చోటు లేదని వాదించెను. మార్కు ప్రతులలో నేడు మనకు కనబడు పాఠము అందుకు భిన్నము. చేతిపని పేరు మహాత్మునకు తగదను సంకోచము ఎంత బలమైనదో దీనివలన గ్రహింపవచ్చును.

ఇంతకును ఆ పదమునకు అర్థమేమి? హోమరు కావ్యమున ఓడలు నిర్మించువాడును, కొమ్ముతో విల్లు తీర్చువాడును టెక్టోనులే. హీబ్రూ గ్రంథముల గ్రీకు అనువాదమున కమ్మరిని 'ఇనుపపు టెక్టోన్' అనిరి. లాటిను అనువాదమున దీనికి వాడిన 'ఫాబెర్' శబ్దము సైతము కొయ్యపనివానికిని, లోహపు పనివానికిని చెల్లును. నజరేతునకు సుమారు 6 కిలోమీటర్ల దూరమున ఉన్న సెఫోరిసు పట్టణమును ఆ కాలముననే హేరోదు అంతిప పునర్నిర్మించెను గనుక, యేసు గృహనిర్మాణపు పనివాడై యుండవచ్చునని కొందరు పండితుల ఊహ. అయినను ఏ విశేషణమును లేక వాడినప్పుడు ఈ పదము చాలవరకు కొయ్యపనివానినే తెలుపును. రెండవ శతాబ్దపు జస్టిను, యేసు నాగళ్లును కాడులును చేసెనని వ్రాసెను.

తెలుగు బైబిలులో ఈ పదమునకు 'వడ్లవాడు' అని యున్నది. ఇది మిక్కిలి ఉచితమైన మాట. కుర్చీలు, బల్లలు చేయు పట్టణపు పనివాడు గాక, నాగలి, కాడి, బండిచక్రము, ద్వారబంధము, ఇంటి వాసము అన్నియు చేసి పెట్టు పల్లె వడ్లవాడు జస్టిను చెప్పిన పనివానికి సన్నిహితుడు. అయితే ఒక భేదము మరువరాదు. మన పల్లెలలో ఆ పేరు కులమును కూడ తెలుపును. గ్రీకు పదము తెలుపునది పనిని మాత్రమే.

గౌరవాగౌరవములు పదములో లేవు, పలుకువారిలో ఉన్నవి. వైదిక విధులలో రథకారునకు వర్షర్తువున అగ్న్యాధానమున కధికారము చెప్పబడినది. తరువాతి స్మృతులు అతనినే సంకరజాతులలో చేర్చినవి. నజరేతున ఆక్షేపణగా పలికిన మాటయే 'ఆర్కి' అను ఉపపదము చేరినంతనే పౌలు లేఖలో జ్ఞానము గల ప్రధాన శిల్పికి చెల్లినది.

బస్తరు రాజ్యము 1948లో భారతదేశమున విలీనమైనది. రాజ్యము పోయినను రథము ఆగలేదు. కిలేపాల్ ప్రాంతపు మాడియాలు నేటికిని దానిని లాగుదురు. ఏటేట వానకాలమున ఉమర్‌గాఁవ్ పనివాని బాడిసె దెబ్బ జగదల్పురమున వినబడుచునే యున్నది. అతనిని మనము ఏ పేరున పిలిచినను, అతని చేయి కదలనిదే దేవి రథము కదలదు.