తీగ వయసెంత?

ఆడియో వైర్లు ఎన్నాళ్ళు వస్తాయని అడిగితే మా కోవూరులో రెండు జవాబులు వినిపిస్తాయి. పిల్లలేమో "ముప్ఫై ఏళ్ళవి, పడేసి కొత్తవి కొనండి" అంటారు. పెద్దవాళ్ళు "లోపలుండేది రాగే కదా, దానికేమవుతుంది" అంటారు. రెండూ సగం సగమే నిజం. సంగతి తెలియాలంటే తీగల చరిత్రలోకి కాస్త వెనక్కి వెళ్ళాలి.

1858లో ఐర్లాండ్ నుంచి అట్లాంటిక్ అడుగున అమెరికా ఖండానికి మొదటిసారి టెలిగ్రాఫ్ తీగ వేశారు. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం చేరడానికి 16 గంటలు పట్టిందట. (మా ఊళ్ళో ఒక మాట ఈ వీధి నుంచి ఆ వీధికి చేరడానికి పది నిమిషాలు చాలు.) మూడు వారాలకే ఆ తీగ మూగబోయింది. చెడింది ముఖ్యంగా దాని తొడుగు. గట్టాపెర్చా అని, మలయా అడవుల్లో దొరికే ఒక చెట్టు పాలతో చేసేవారు. లోపాలున్న ఆ తొడుగు మీద మరీ ఎక్కువ వోల్టేజి పెట్టేసరికి తట్టుకోలేకపోయింది. 1866లో తొడుగు మందం చేసి మళ్ళీ వేశాక నిలబడింది. 1871 కల్లా మన మద్రాసు తీరం నుంచి కూడా పినాంగ్ మీదుగా సింగపూర్‌కి అలాంటి తీగే వెళ్ళింది.

ఇందులో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. అదే గట్టాపెర్చా సముద్రం అడుగున చల్లగా, చీకట్లో దశాబ్దాలు నిలిచేది. గాలికీ ఎండకీ పెడితే మాత్రం ఎండి పగిలిపోయేది. తొడుగు ఎన్నాళ్ళుంటుందనేది అది ఉన్న చోటుని బట్టి ఉంటుంది.

తర్వాత రబ్బరు తొడుగులు వచ్చాయి. అవీ పెళుసెక్కేవి. 1926లో అమెరికాలో వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు పీవీసీ అనే గట్టి ప్లాస్టిక్‌లో మెత్తదనం ఇచ్చే పదార్థం కలిపి సాగేలా చేశాడు. ఇప్పుడు మనిళ్ళల్లో వైర్ల మీద ఎక్కువగా ఉండేది అదే. ఆ మెత్తదనం ఏళ్ళు గడిచేకొద్దీ కొంచెం కొంచెం బయటికి పోతుంది, వేడి తగిలితే ఇంకా త్వరగా. రోహిణి కార్తెలో మన అటకలు ఎలా కాలతాయో చెప్పక్కర్లేదు. అందుకే అక్కడ పెట్టిన వైరు పాత మామిడితాండ్రలా బిర్రబిగుస్తుంది, లేదంటే చేతికి జిగటగా అంటుకుంటుంది. వంచితే పగుళ్ళు కనబడిందా, దాని పని అయిపోయినట్టే.

ఇక కొసలు. మైకు సెట్టు వాళ్ళు ఆంప్లిఫయరుకి గుచ్చే లావుపాటి పిన్ను, 6.35 మిల్లీమీటర్లది, 1878 నాటి టెలిఫోన్ ఎక్స్చేంజీల నుంచి వచ్చింది. ఆ ఏడాదే బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆవిడ టెలిఫోన్ ఆపరేటరుగా చేరింది, ప్రపంచంలో మొదటి మహిళా ఆపరేటర్ ఆవిడే. తర్వాత ఆ ఉద్యోగం దాదాపు ఆడవాళ్ళదే అయింది. రోజంతా పిన్ను గుచ్చడం, తీయడం. అంతమంది అన్నేళ్ళు వాడినా తట్టుకుందంటే గట్టి పిన్నే మరి! దాని చిన్న చెల్లెలే మన ఇయర్‌ఫోన్ల 3.5 మిల్లీమీటర్ల పిన్ను. టీవీ వెనక ఎర్రవీ తెల్లవీ పిన్నులు 1930లలో ఆర్‌సీఏ అనే అమెరికా కంపెనీ రేడియోలకి తెచ్చినవి.

ఉప్పుగాలి తగిలే మన నెల్లూరు తీరంలో ఈ కొసలకే ముందు జబ్బు చేస్తుంది. రాగి చెంబుకి పట్టే చిలుమే వీటికీ పడుతుంది. చెంబయితే చింతపండు పెట్టి తోముతాం. పిన్నుకి మాత్రం చింతపండు వద్దు, ఆ పులుపు లోపల ఉండిపోయి ఇంకా తినేస్తుంది. స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి, రంధ్రంలో నాలుగైదుసార్లు తిప్పండి. గరగర పోయిందంటే వైరు మంచిదే. పిన్ను మెడ దగ్గర కదిపినప్పుడు పాట వచ్చిపోతుంటే లోపల తీగ తెగినట్టు. ఆ ముక్క కోయించి కొత్త పిన్నుకి టంకం వేయిస్తే చాలు. గుయ్యిమని రొద ఆగకపోతే సన్న తీగ చుట్టూ ఉండే వల తెగిందేమో చూసుకోవాలి. బంగారు పూత పిన్నుకి చిలుం పట్టదు, అంతవరకే. దానివల్ల ఘంటసాల గొంతు ఇంకా తియ్యనయ్యేదేం లేదు.

నా దిగులంతా వైరు గురించి కాదు, క్యాసెట్ల గురించి. ఫిలిప్స్ వాళ్ళు 1963లో తెచ్చిన ఆ చిన్న టేపు రాగిలా ఓర్చుకోలేదు. బూజు పడుతుంది, సాగుతుంది, పూత రాలుతుంది. మా అత్తమ్మ గొంతు ఇప్పుడు పన్నెండు క్యాసెట్లలోనే ఉంది. మంగళహారతులూ, మధ్యలో వంటింట్లోకి ఎవర్నో కేకలేయడమూ. ఇంట్లో ఉన్న పాత వైరు గరగరమంటోంది. దాన్ని బాగుచేయించడానికి మంచి రోజు చూసుకుంటూ కూర్చోకుండా నూటయాభై రూపాయలు పెట్టి కొత్తది తెచ్చి, టేప్ రికార్డర్‌ని కంప్యూటర్‌కి కలిపాం. తొమ్మిది ఎక్కాయి. ఒకదాంట్లో టేపు అంటుకుపోయింది. ఇంకా రెండు మిగిలాయి, ఈ ఆదివారం వాటి పని పడతాం.