గాజుతొట్టిలో సముద్రము

పగడమును నవరత్నములలో ఒకటిగా ఎంచుకొన్న జాతి మనది. దానిని హారములో కూర్చుటయు, ఉంగరములో పొదుగుటయు మనకు చిరకాలముగా తెలియును. అయితే ఆ ఎఱ్ఱని పూస ఒకప్పుడు సముద్రగర్భమున ఒక జీవసమూహము కట్టుకొన్న గూడనియు, ఆ జీవుల బంధువులే ఉష్ణమండల సముద్రములలో కొండలవంటి దిబ్బలను నిర్మించినవనియు తలచువారు తక్కువ. అట్టి జీవిని ప్రాణముతో, తీరమునకు దూరమైన ఒక గృహములో, గాజుతొట్టిలో నిలుపుట సాధ్యమా? ఈ ప్రశ్నకు మానవులు 170 ఏండ్లకు పైబడి సమాధానము వెదకుచున్నారు. ఆ వెదకులాట కథనే ఈ ప్రసంగమున శ్రోతలకు మనవి చేయదలచితిమి.

నేడు ఈ పనికి పూనుకొన్నవారి ఇండ్లలో రంగురంగుల తొట్టి క్రింద, బీరువా తలుపుల వెనుక, మరియొక తొట్టి ఉండును. దానిని సంపు అందురు. మన ఇండ్ల ముంగిట నేలలో కట్టించుకొను నీటి సంపునకును దీనికిని పేరొక్కటే. పనియు కొంతవరకు ఒక్కటే. ఇది ఎవరి కంటను పడదు. కాని ఇంటి నీటి వ్యవహారమంతయు దానిమీదనే ఆధారపడి యుండును. పగడపు తొట్టి చరిత్ర యనగా ఈ కనబడని తొట్టిని కనుగొన్న చరిత్రయే యని మా అభిప్రాయము.

ముందుగా పగడపు జీవి స్వభావమును కొంత తెలిసికొనవలెను. అది మెత్తని చిన్న ప్రాణి. నోటి చుట్టును సన్నని తంతువులు గలది. దిబ్బలు కట్టు జాతులు తమ చుట్టును సున్నపు గూడు నిర్మించుకొనుచు, కంటికి కానరాని నాచు కణములకు తమ దేహములోనే ఆశ్రయమిచ్చును. ఆ కణములు సూర్యకాంతితో ఆహారము సిద్ధపఱచి, అందులో పెద్దభాగమును ఆతిథ్యమిచ్చిన జీవికి అందించును. కనుక ఆ జీవికి వెలుగు కావలెను, తేటనీరు కావలెను, ఎడతెగని ప్రవాహము కావలెను. అన్నిటికంటె ముఖ్యముగా ఉప్పులోను, వేడిమిలోను హెచ్చుతగ్గులు లేని నీరు కావలెను. సముద్రము అపారమైనది గనుక ఈ నిలుకడ అక్కడ సహజము. తొట్టిలోని నీరు కొలదిపాటిది. ఒక్క చేప చచ్చి క్రుళ్లినను అది విషమగును.

ఈ కష్టమును మొదట ఎదుర్కొన్నవారిలో అన్నా థిన్ అను ఆంగ్ల మహిళ ఒకతె. ఆమె భర్త లండనులోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో మతాధికారి. 1846లో ఆమె టార్కీ తీరమున కొన్ని పగడపు జీవులను చూచి ముచ్చటపడెను. వానిని సూదియు దారమును ఉపయోగించి ఒక పెద్ద స్పంజికి కుట్టి, రాతికూజాలో సముద్రజలముతో లండనునకు చేర్చెను. మొదట తీరము నుండి క్రొత్తనీరు తెప్పించి మార్చుచుండెను. నీరు దొరకుట కష్టమైనప్పుడు, ఉన్న నీటినే తెరచిన కిటికీ వద్ద ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి పలుమారు పోయించి, గాలి తగులనిచ్చి, తిరిగి వాడుకొనెను. ఈ పని చేసినది ఇంటి పనిపిల్ల. తరువాత తొట్టిలో సముద్రపు నాచును కూడ చేర్చెను. ఆ జీవులు దాదాపు మూడేండ్లు బ్రతికినవి. నేడు విద్యుత్ పంపు చేయుచున్న పనిని ఆనాడు ఆ పిల్ల చేతులు చేసినవి. ఆమె పేరు మాత్రము చరిత్రలో చేరలేదు.

ఇదే కాలమున రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు మంచినీటి తొట్టిలో చేపలను, నీటిమొక్కలను, నత్తలను కలిపి పెంచి, 1850లో తన ఫలితములను ప్రకటించెను. చేప విడిచిన దానిని మొక్క గ్రహించును. మొక్క విడిచిన ప్రాణవాయువును చేప పీల్చును. క్రుళ్లిన ఆకును నత్త తినును. ఈ సమతూకమును అతడు తరువాత సముద్రజలమున కూడ పరీక్షించెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలు చూచుటకు జలచరశాల తెరువబడినది. దానికి సముద్రజీవులను సమకూర్చిన ఫిలిప్ హెన్రీ గాస్ అను ప్రకృతి శాస్త్రజ్ఞుడు 1854లో ఒక గ్రంథము వెలువరించి ఆక్వేరియం అను పేరును వ్యాప్తిలోనికి తెచ్చెను. తీరమునకు దూరముగా ఉన్నవారు నాలుగు లవణములను మంచినీటిలో కలిపి సముద్రజలము వంటిది తయారు చేసికొనవచ్చునని తెలిపినవాడును అతడే.

ఆ గ్రంథముతో ఇంగ్లండున తొట్టెల వ్యామోహము చెలరేగినది. రైలుబండ్లెక్కి జనులు తీరములకు పోయి, రాతిగుంటలలోని జీవులను సంచులకొలది తెచ్చుకొనిరి. తెచ్చుకొన్నవి కొలది దినములలో మరణించగా మరల తెచ్చుకొనిరి. గాస్ స్వయముగా వర్ణించిన డెవన్ తీరపు గుంటలు ఎట్లు బోసిపోయినవో అతని కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో వెలువరించిన తన స్మృతిగ్రంథమున విచారముతో వ్రాసెను. జీవిని తెచ్చుట వారికి తెలిసినది. నీటిని నిలుపుట తెలియలేదు. తెలియనితనమునకు మూల్యమును తీరము చెల్లించినది.

నీటిని నిలుపు ఉపాయమును కనుగొన్నవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. అతడు లండనులో సముద్రజీవులను అమ్ము దుకాణము నడిపినవాడు. తొట్టెలు ఎందుకు పాడగుచున్నవో ప్రతిదినమును చూచినవాడు. చూపుడు తొట్టి ఎంత అందముగా ఉన్నను, దాని క్రింద చీకటిలో అంతకు అనేక రెట్లు నీరుపట్టు మరియొక జలాశయము ఉండవలెననియు, ఆ రెండింటి నడుమ నీరు రాత్రింబవళ్లు ప్రవహించవలెననియు అతడు గ్రహించెను. నీటిని మార్చవలసిన పనిలేదు, కదలించిన చాలును. ఈ పద్ధతిని అతడు 1864లో హాంబర్గు జంతుప్రదర్శనశాలలోను, 1871లో లండనులోని క్రిస్టల్ పాలెస్‌లోను అమలుజరిపెను. ఆంటన్ డార్న్ నేపుల్సులో స్థాపించిన పరిశోధనాలయపు జలచరశాలకు కూడ అతడు తోడ్పడెను. అది 1874లో ప్రజలకు తెరువబడినది.

చీకటి ఎందుకని శ్రోతలు అడుగవచ్చును. వెలుగు తగిలిన నీటిలో సూక్ష్మమైన నాచు పెరిగి నీరు పచ్చబడును. చీకటిలో అది పెరుగదు. నీరు తేటపడును, చల్లగా ఉండును. ఇక నీరు అధికముగా ఉండుట వలని లాభమును ఒక చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. 200 లీటర్ల తొట్టిలో 4 లీటర్లు ఆవిరియైనచో మిగిలిన నీటిలో ఉప్పు సుమారు నూటికి 2 వంతులు హెచ్చును. అదే నష్టము 800 లీటర్లకు జరిగినచో హెచ్చు అరవంతు మాత్రమే. నీరెంత ఎక్కువయైన జీవికి అంత అభయము.

అయితే ప్రవహించు నీరు ఎందుకు శుభ్రపడుచున్నదో లాయిడ్ కాలమున ఎవరికిని సరిగా తెలియదు. అతడు 1880లో మరణించెను. రష్యను శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాద్‌స్కీ 1890 ప్రాంతమున ఆ రహస్యమును విప్పెను. జీవుల విసర్జనములనుండి పుట్టు అమోనియాను ఒక రకపు బాక్టీరియా నైట్రైటుగాను, మరియొక రకము దానిని నైట్రేటుగాను మార్చును. మొదటి రెండును విషములు; మూడవది అంత ప్రమాదకారి కాదు. ఈ బాక్టీరియా రాళ్లమీదను, ఇసుకమీదను, గొట్టముల గోడలమీదను నివసించి, తమవద్దకు వచ్చు నీటినే శుద్ధిచేయును. ప్రవాహము ఆగినచో వాని పనియు ఆగును.

సముద్రపు టొడ్డున నెలకొన్న జలచరశాలలకు క్రొత్తనీరు చేరువలోనే ఉండెను. ఎడ్గార్ థర్‌స్టన్ పూనికతో 1909లో మద్రాసు తీరమున వెలసిన జలచరశాల అట్టిది. ఆనాడు తెలుగు జిల్లాలు అనేకము ఆ రాజధానిలోనివే గనుక మన పెద్దలు పలువురు దానిని చూచి ఆనందించిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అది మూతపడినది. సామాన్య గృహస్థుని తొట్టిలో మాత్రము పగడపు జీవి ఇంకను నిలువలేదు.

1961లో జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్ ఒక అమెరికను పత్రికలో తన పద్ధతిని వెల్లడించెను. అతడు సముద్రమునుండి జీవశిలలను, అనగా సూక్ష్మజీవులు కాపురమున్న రాళ్లను తెచ్చి తొట్టిలో పేర్చి, సూర్యరశ్మి తగులనిచ్చి, గాలిబుడగలతో నీటిని మెల్లగా కదలించెను. పగడములు బ్రతికినవి. ఆ రాళ్ల లోతైన రంధ్రములలో ప్రాణవాయువు కొరవడిన చోట మరియొక జాతి బాక్టీరియా నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి బయటికి పంపునని తరువాత స్పష్టమైనది.

1970 తరువాతి ఏండ్లలో బెర్లిన్ నగరపు అభిమానులు ఈ రాళ్లకు నురుగు యంత్రమును జతచేసిరి. బెల్లపుపాకము కాగునప్పుడు పైకితేలు తెట్టెను మన గృహిణులు గరిటెతో తీసివేయుదురు గదా! ఆ యంత్రము చేయునదియు అదియే. ఉప్పునీటిలోనికి సన్నని గాలిబుడగలను పంపగా, మలినములు వానికంటుకొని నురుగై పైకివచ్చి వేఱు పాత్రలో పడును. 1986లో జార్జి స్మిట్ అనునతడు ఒక అమెరికను పత్రికలో వరుస వ్యాసములు వ్రాసి, తొట్టి క్రింద సంపును అమర్చు పద్ధతిని గృహస్థులకు పరిచయము చేసెను. అతడు సంపుపై భాగమున ఒక వడపోత పదార్థముమీద నీటిని చిలికించు పద్ధతిని చెప్పెను. దానివలన నైట్రేటు పేరుకొనుచున్నదని గ్రహించి పలువురు క్రమముగా ఆ పదార్థమును తీసివేసిరి. సంపు మాత్రము మిగిలినది. లాయిడ్ నేలక్రింద కట్టించిన చీకటి జలాశయము, నూరేండ్లకు పైగా గడచిన పిమ్మట, చిన్నరూపముతో గృహములోనికి ప్రవేశించినది.

దాని నిర్మాణము కష్టమైనది కాదు. పైతొట్టి అంచున ఒక మదుగు ఉండును. నీరు అందులో పొర్లి గొట్టము వెంట సంపులోనికి దిగును. సంపును గాజుపలకలతో మూడు అరలుగా విభజింతురు. మొదటి అరలో మడ్డి నిలిచిపోవును. రెండవదానిలో నురుగు యంత్రము పనిచేయును. మూడవదానినుండి పంపు నీటిని తిరిగి పైకి పంపును. నీరు ఆవిరియైనచో పైతొట్టిలో మట్టము తగ్గదు, మూడవ అరలోనే తగ్గును. ఆ లోటును మంచినీటితోనే పూరించవలెను. ఉప్పునీటితో కాదు, ఏలయనగా ఆవిరియైనది నీరేగాని ఉప్పు కాదు. ఉప్పు వేయింటికి 35 వంతులు, వేడిమి 25 నుండి 27 డిగ్రీల సెంటిగ్రేడు ఉండుట ఉచితము.

మన ప్రాంతములలో విద్యుత్తు ఆగుట వింత కాదు గనుక ఒక హెచ్చరిక అవసరము. పంపు ఆగగానే పైనీరు కొంత క్రిందికి దిగును. 90 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పుగల తొట్టిలో మట్టము 2 సెంటీమీటర్లు తగ్గినచో 8 లీటర్లు సంపులోనికి వచ్చును. పంపు గొట్టపు కొన నీటిలో 10 సెంటీమీటర్ల లోతున మునిగియున్నచో అది వెనుకకు లాగి 40 లీటర్లు దింపును. సంపు పొంగి గదిలోనికి పారును. అందువలన ఆ గొట్టమునకు నీటిమట్టము సమీపమున చిన్న రంధ్రము చేసి, సంపులో ఖాళీ ఉంచి, పంపును ఆపి చూచిన తరువాతనే జీవులను తేవలెను. బాక్టీరియా స్థిరపడుటకు 4 నుండి 6 వారములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. ఆ కాలమున తొట్టి వెలవెలబోవుచుండును. తొందరపడినవారికి నష్టము తప్పదు.

ఇక ఏ జీవులను తేవలెనను ప్రశ్న. మన దేశమున మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీపములు, అండమాను నికోబారు దీవులు పగడపు దిబ్బలకు నిలయములు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో 2001లో రాతిపగడములను చేర్చిరి. వానిని సముద్రమునుండి తీయుటయు, అమ్ముటయు నేరము. 1998లోను, 2016లోను సముద్రము వేడెక్కగా పలుచోట్ల పగడములు తెల్లబారి మరణించినవి. ఇట్టి సమయమున డెవన్ తీరమునకు జరిగినది మన దీవులకు జరుగరాదు. కొన్ని దేశములలో మల్లె అంటు కట్టినట్లు పగడపు ముక్కను తుంచి తొట్టెలలోనే పెంచి, సముద్రము జోలికి పోకుండ వృద్ధిచేయుచున్నారు. మన గృహస్థులకు చట్టసమ్మతమైన మార్గము కలదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు క్లౌన్ చేపలను గుడ్లు పెట్టించి పెంచు విధానమును రూపొందించిరి. అట్లు పెంచిన చేపలను, కృత్రిమముగా చేసిన రాళ్లను, చక్కని సంపును సమకూర్చుకొన్నవారు సముద్రమునకు హాని చేయకయే సముద్రశాస్త్రమును ఇంటనే నేర్చుకొనవచ్చును.

అందము కొరకు జీవులను పట్టి తెచ్చినవారికి అవి దక్కలేదు. నీటిని కాపాడుట నేర్చినవారికి జీవులు దక్కినవి. తొట్టి ముందు నిలిచిన బాలురకు రంగుచేపను చూపునప్పుడు, ఆ బీరువా తలుపు కూడ తెరచి, చీకటిలో పారుచున్న నీటిని చూపుట మంచిది. పైనున్న ప్రాణమునకు ఆధారమెక్కడ నున్నదో వారికి చిన్ననాడే తెలియును.