పిడికెడు బియ్యం నుండి బడిభోజనం దాకా

కోవిల్‌పట్టి, విరుదునగరం ప్రాంతాలలో అధికభాగం వాననే నమ్ముకొన్న నల్లరేగడి నేల. తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో తరతరాలుగా ఈ పల్లెలలో ప్రత్తి, చిరుధాన్యాలు పండించుకొంటూ బ్రతుకుతున్నాయి. వాన మొగం చాటేసిన ఏడు గాదెలో గింజ ఉండేది కాదు. గింజ లేని ఇంటి బిడ్డ బడికి వచ్చేవాడు కాడు. ఆకలికీ అక్షరానికీ నడుమనున్న ఈ ముడిని విప్పిన మహనీయుడు ఈ గడ్డమీదనే పుట్టడం విశేషం.

విరుదునగరంలో నాడార్ వర్తకులు 1889లో క్షత్రియ విద్యాశాలను స్థాపించారు. సరుకుల వ్యాపారంపై తమకు తాము విధించుకొన్న ‘మహిమై’ రుసుముతో పాటు, ఇంటింటా ఇల్లాండ్రు వంటబియ్యంలో నుండి తీసి దాచిన పిడికెడు బియ్యం ఆ బడికి ఆధారమైంది. పిల్లలకు చదువు ఉచితం. అక్కడ చదివినవారిలో 1903 జూలై 15న జన్మించిన కామరాజ్ ఒకరు. బాల్యంలోనే తండ్రి కుమారస్వామి నాడార్ మరణించగా, తల్లి శివకామి అమ్మాళ్‌పై సంసారభారం పడింది. జీతం కట్టనక్కరలేని బడి కూడా ఆ బాలుని నిలుపుకోలేకపోయింది. చదువు మాని ఆయన మేనమామ బట్టల కొట్టులో చేరవలసి వచ్చింది. బడి ఉచితమైతే చాలదనీ, ఇల్లు గడవాలనీ ఆయనకు జీవితమే నేర్పింది.

స్వాతంత్ర్య సమరంలో ఏండ్ల తరబడి కారాగారవాసం అనుభవించిన కామరాజ్ 1954లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి అయినారు. బడిలో అన్నం పెట్టాలన్న ఆలోచన అప్పటికి క్రొత్తది కాదు. తెలుగు కుటుంబంలో జన్మించిన పిట్టి త్యాగరాయ చెట్టి నాయకత్వాన మద్రాసు కార్పొరేషన్ 1920లోనే థౌజండ్ లైట్స్ పాఠశాలలో దానిని ఆరంభించింది. కాని అది కొద్దికాలానికే ఆగిపోయింది. కామరాజ్ దానిని రాష్ట్రమంతటికీ విస్తరింపజేశారు. 1956లో కోవిల్‌పట్టికి సమీపాన, సుబ్రహ్మణ్య భారతి జన్మస్థలమైన ఎట్టయపురంలో ఈ పథకానికి శ్రీకారం చుట్టారు. విద్యాశాఖ సంచాలకులు నె. దు. సుందరవడివేలు దీనికి కుడిభుజమై నిలిచారు. ప్రభుత్వం కొంత, ఊరివారు కొంత వ్యయం భరించారు. విరుదునగరపు పిడికెడు బియ్యం వెనుకనున్న నీతి ఇక్కడ రాజ్యనీతి అయింది.

1975 అక్టోబరు 2న కామరాజ్ కన్నుమూశారు. ఆయన వేసిన బాట మాత్రం ఆగలేదు. 1982లో ఎం. జి. రామచంద్రన్ ప్రభుత్వం పోషకాహార పథకాన్ని విస్తృతంగా అమలుపరచింది. 2001లో సుప్రీంకోర్టు దేశమంతటా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో వండిన అన్నం పెట్టాలని ఆదేశించింది. 2003లో ఆంధ్రప్రదేశ్ బడులలోనూ మధ్యాహ్న భోజనం మొదలైంది. గోదావరి సీమలో ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు 2024లో ఆ పథకానికి పెట్టడం సముచితం.

అన్నం పెట్టిన చేయి, అక్షరం దిద్దించిన చేయి వేరు కావు. నాడు బియ్యం దాచిన ఇల్లాండ్ర పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఆకలి తీరి పలక పట్టిన ప్రతి బిడ్డ చదువులోనూ వారి పిడికెడు పాలు ఉన్నది.