కరకట్టలు తెగినప్పుడు ఎవరు వచ్చారు?

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడుకున్న డాక్యుమెంటరీ గురించి, క్యాంపుల్లో నెట్ సరిగ్గా రాని తమ్ముళ్ల కోసం ఇక్కడ రాసి పెడుతున్నా. పేరు 'వెన్ ది లెవీస్ బ్రోక్'. స్పైక్ లీ తీశాడు, 2006 ఆగస్టులో హెచ్‌బీఓలో వచ్చింది. నాలుగు భాగాలు, నాలుగు గంటల పైనే. లెవీ అంటే మన కరకట్టే. కృష్ణా, గోదావరి పక్కన పుట్టినోళ్లకి అది తెగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

2005 ఆగస్టు 29, సోమవారం పొద్దున కత్రినా తుపాను లూసియానాలో తీరం దాటింది. న్యూ ఆర్లీన్స్ ఊళ్లో 80 శాతం మునిగింది. చనిపోయినవాళ్లు 1,800 మందికి పైనే అని చాలాకాలం చెప్పారు. 2023లో ఆ లెక్కని 1,392కి సవరించారు.

నేను ఐటీఐ చదివి సైట్ల మీద పని చేయించేవాణ్ణి కాబట్టి నా చూపు ముందు గోడ మీదకే పోయింది. 17వ వీధి కాలువలో నీళ్లు గోడ అంచుకి ఇంకా కిందుండగానే గోడ జరిగిపోయింది. అడుగున మెత్తటి నేల, అందులో దింపిన షీట్ పైల్స్ లోతు చాల్లేదు. బయటికి కనపడే కాంక్రీటు బాగానే ఉంది, కనపడని చోట పని సరిపోలేదు. ఆ కట్టలు కట్టింది ప్రభుత్వానికి చెందిన ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్. 1965లో బెట్సీ తుపాను తర్వాత ఆ బాధ్యత వాళ్లకి అప్పజెప్పారు. లోపం జరిగిందని 2006 జూన్‌లో వాళ్లే ఒప్పుకున్నారు. కానీ 1928 నాటి చట్టం అడ్డొచ్చింది. వరద కట్టల విషయంలో ప్రభుత్వాన్ని నష్టపరిహారం అడగడానికి లేదని 2008లో కోర్టు చెప్పేసింది.

ఇక సాయం సంగతి. ఊరు ఖాళీ చేయాల్సిందేనని మేయర్ ఆర్డరు వేసింది ఆదివారం, తుపానుకి ఒక్కరోజు ముందు. కారు లేనివాళ్లే లక్ష మందికి పైన ఉన్నారు. వాళ్లు ఎట్లా పోతారు? సూపర్‌డోమ్‌లో, కన్వెన్షన్ సెంటర్‌లో వేలమంది తిండీ నీళ్లూ లేక రోజుల తరబడి ఎదురుచూశారు. విపత్తుల సంస్థ ఫీమా అధిపతి మైకేల్ బ్రౌన్ సెప్టెంబర్ 12న రాజీనామా చేశాడు.

సినిమాలో కొందరు కట్టల్ని కావాలనే పేల్చారంటారు. పేల్చిన ఆధారం లేదు. కానీ ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. 1927 వరదల్లో న్యూ ఆర్లీన్స్‌ని కాపాడటానికి దిగువన కేర్నార్వన్ దగ్గర కట్టని నిజంగానే డైనమైట్ పెట్టి పేల్చారు, అక్కడి బీదవాళ్ల ఊళ్లు మునిగాయి. మాట తప్పిన ప్రభుత్వాన్ని జనం తరాలపాటు గుర్తుపెట్టుకుంటారు.

ఇప్పుడు మన విషయం. తుపాను వచ్చిన పది రోజులకే, సెప్టెంబర్ 8న, ప్రభుత్వ కాంట్రాక్టు పనుల్లో స్థానిక కూలి రేటు తగ్గించకూడదనే చట్టాన్ని ప్రెసిడెంట్ బుష్ ఆ ప్రాంతంలో పక్కన పెట్టాడు. గొడవ అయ్యాక నవంబర్‌లో తిరిగి అమలు చేశారు. ఆ తర్వాత, ఈ సినిమా వచ్చాక, ఇండియా నుంచీ యూఏఈ నుంచీ దాదాపు 500 మంది మనవాళ్లని వెల్డర్లుగా, పైప్‌ఫిట్టర్లుగా సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ తీసుకెళ్లింది. తుపానుకి దెబ్బతిన్న ఆయిల్ రిగ్గుల పని. గ్రీన్ కార్డు వస్తుందని చెప్పి ఏజెంట్లు ఒక్కొక్కరి దగ్గర పది వేల డాలర్లు, అంతకంటే ఎక్కువే గుంజారు. మిసిసిపీలో ఒక్కో ట్రైలర్‌లో 24 మంది దాకా కుక్కారు. దానికి నెలకి 1,050 డాలర్లు జీతంలో కోత.

2008 మార్చిలో వాళ్లు హెల్మెట్లు గేటు దగ్గర పడేసి బయటికొచ్చారు. న్యాయం అడగడానికి వాషింగ్టన్ దాకా వెళ్లారు. 2015లో న్యూ ఆర్లీన్స్ జ్యూరీ అయిదుగురికి 1.4 కోట్ల డాలర్లు ఇవ్వాలంది. కంపెనీ దివాలా తీసి, మిగతా కేసుల్ని 2 కోట్ల డాలర్లకి రాజీ చేసుకుంది.

అందుకే చెప్తున్నా తమ్ముళ్లూ. ఎక్కడ భూకంపమొచ్చినా, వరదొచ్చినా తర్వాత కట్టే పనికి పిలిచేది మనలాంటివాళ్లనే. 'అర్జెంటు వీసా' అని ఏజెంటు ఫోన్ చేస్తే కాగితం అడగండి, రూమ్ కోత ఎంతో రాయించుకోండి, ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు దాచుకోండి. ఆ రసీదులు ఇంట్లో ఒకరి ఫోన్‌లో కూడా ఉండాలి.

వచ్చే శుక్రవారం మళ్లీ కలుద్దాం.